చిత్తడి నేలల్లో వాయువులు, సూక్ష్మజీవులు: పీహెచ్‌డీ ఫీల్డ్ పనిని మొదటి నుంచి సరిగ్గా చేయడం ఎలా?

"గ్యాస్ డేటా ఉంది, డీఎన్‌ఏ డేటా ఉంది. రెండింటికీ పొంతన కుదరట్లేదు. ఇప్పుడేం చేయాలి?" ఉష్ణమండల చిత్తడి నేలల మీద పీహెచ్‌డీ చేస్తున్నవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే. అడిగేదేమో మూడో ఏడాదిలో. అప్పటికి చేయగలిగింది చాలా తక్కువ.

మీథేన్‌ను ఒక వారం ఒకచోట కొలిచి, బురదను మరో నెలలో పది మీటర్ల అవతల తీస్తే పొంతన ఎలా కుదురుతుంది? అందుకే ఈ మార్గదర్శి అంతటా ఒకే సూత్రం కనిపిస్తుంది: అదే చోటు, అదే పూట, ముందు వాయువు, తర్వాత నీరు, చివర్లో బురద.

## 1. ప్రశ్నను కుదించండి

"చిత్తడి నేలల్లో సూక్ష్మజీవుల పాత్ర" అనేది ప్రశ్న కాదు, పుస్తకం పేరు. "నీటిమట్టం దిగినప్పుడు మీథేన్ తగ్గుతోంది. తయారీయే తగ్గిందా, లేక తయారైనదాన్ని పైకి రాకముందే తినేసే బ్యాక్టీరియా పెరిగిందా?" అనేది ప్రశ్న. ఇలా అడిగితే ఏం కొలవాలో దానంతట అదే తేలుతుంది: పైకొచ్చే మీథేన్, లోపల కరిగి ఉన్న మీథేన్, పొరలవారీగా రెండు రకాల సూక్ష్మజీవులు.

ఏ వాయువు మీద దృష్టి పెట్టాలో నీళ్లు చెబుతాయి. ఎప్పుడూ నీళ్లు నిలిచే చోట మీథేన్ ముఖ్యం. తడుస్తూ ఆరుతూ ఉండే అంచుల్లో నైట్రస్ ఆక్సైడ్‌ను వదిలేయొద్దు. వందేళ్ల లెక్కలో మీథేన్ వేడెక్కించే శక్తి కార్బన్ డయాక్సైడ్‌కు దాదాపు 28 రెట్లు, నైట్రస్ ఆక్సైడ్‌ది దాదాపు 270 రెట్లు. కొంచెమే వస్తోందని పక్కన పెట్టే వాయువు కాదది.

బురదలో సూక్ష్మజీవులు ముందు ఆక్సిజన్‌ను వాడేస్తాయి. ఆ తర్వాత వరసగా నైట్రేట్, మాంగనీస్, ఇనుము, సల్ఫేట్. ఇవన్నీ అయిపోయాకే మీథేన్ తయారీ జోరందుకుంటుంది. కాబట్టి కనీసం నైట్రేట్, ఇనుము, సల్ఫేట్ కొలవకుండా మీథేన్ గురించి థీసిస్ రాస్తే కారణం చెప్పలేక ఇబ్బంది పడతారు. మడ అడవుల్లో సముద్రపు సల్ఫేట్ ఉంటుంది కాబట్టి మీథేన్ రాదనుకోవడం కూడా పొరపాటే. మిథైల్ అమీన్ల వంటి పదార్థాల కోసం సల్ఫేట్ వాడే బ్యాక్టీరియా పెద్దగా పోటీ పడదు. వాటితో అక్కడా మీథేన్ తయారవుతుంది.

## 2. స్థలం, కాలం, ఎన్ని శాంపిళ్లు

అసలు పనికి ముందు ఒక్కసారైనా ఉత్త చేతులతో వెళ్లి రండి. పడవ ఎక్కడిదాకా వెళుతుంది, కాలు ఎంత లోతు దిగుతుంది, నీళ్ల గుర్తు చెట్టు మీద ఎంత ఎత్తున ఉంది అనేవి మ్యాపులో కనిపించవు.

ఉష్ణమండలంలో కాలాన్ని ఉష్ణోగ్రతతో కాదు, నీటితో లెక్కపెట్టాలి. అమెజాన్‌లో మనౌస్ దగ్గర నది మట్టం ఏటా సుమారు 10 మీటర్లు ఎక్కి దిగుతుంది. అలాంటి చోట, వాయువును పట్టే డబ్బా (చాంబర్) కోసం ఎండాకాలంలో నేలలో పాతిన చట్రం వరద వచ్చాక పడవ కింద ఎక్కడో ఉంటుంది. నేల మీద పెట్టేదీ, నీటి మీద తేలేదీ, రెండు రకాల చాంబర్లూ సిద్ధంగా ఉండాలి.

కనీసం నాలుగు దశల్లో కొలవండి: నీరు ఎక్కేటప్పుడు, నిండుగా ఉన్నప్పుడు, దిగేటప్పుడు, ఎండినప్పుడు. వీలైతే రెండేళ్లు. ఏదో ఒకటి వదులుకోక తప్పకపోతే నిండుగా ఉన్నప్పటిది తగ్గించుకోండి గానీ, ఎక్కేటప్పటిదీ దిగేటప్పటిదీ వదలొద్దు. కథంతా అక్కడే మారుతుంది.

ఇక అందరూ చేసే తప్పు: ఒకే మడుగులో మూడు చాంబర్లు పెట్టి "మూడు శాంపిళ్లు" అనుకోవడం. అది ఒకే చోటును మూడుసార్లు కొలవడం. ఒక్కో రకం వృక్షసంపదకు విడివిడిగా ఉన్న మూడు చోట్లయినా ఉండాలి. ఒక్కో చోట రెండు మూడు చాంబర్లు పెట్టి, ఏ చాంబర్ ఏ చోటుకు చెందిందో లెక్కలోకి తీసుకునే మిక్స్‌డ్ మోడల్ అనే గణాంక పద్ధతి వాడాలి.

చెట్లున్న చిత్తడి నేల అయితే కాండాలను మరిచిపోకండి. అమెజాన్ వరద మైదానాల చెట్ల కాండాల నుంచి భారీగా మీథేన్ వస్తోందని 2017లో వెలువడిన అధ్యయనం చూపించింది. నీటి ఉపరితలాన్ని మాత్రమే కొలిచి "ఈ అడవి ఇంత వదులుతోంది" అని రాస్తే, పరీక్షకులు మొదట పట్టుకునేది అక్కడే.

## 3. అనుమతులు

విసుగు పుట్టించే పని, కానీ మొదటి ఆరు నెలల్లోనే మొదలుపెట్టాలి. వేరే దేశం నుంచి బురద తెస్తున్నారంటే జన్యు వనరులకు సంబంధించిన నగోయా ప్రోటోకాల్ వర్తించే అవకాశం ఎక్కువ. అది 2014 అక్టోబరు నుంచి అమల్లో ఉంది. శాంపిల్ తీశాక తెచ్చుకునే అనుమతి పనికిరాదు. రక్షిత ప్రాంతం అనుమతి, శాంపిళ్ల ఎగుమతి అనుమతి, మీ ల్యాబ్ ఉన్న దేశంలోకి మట్టి దిగుమతి అనుమతి వేర్వేరు కాగితాలు. అక్కడ చేపలు పట్టుకునేవాళ్లతో ముందే మాట్లాడుకోవడం నాలుగో పని. మీ తేలే చాంబర్ మర్నాటికి ఉంటుందా లేదా అనేది వాళ్ల చేతిలోనే ఉంటుంది.

## 4. చాంబర్ తయారీ

చాంబర్ అంటే బోర్లించిన డబ్బా, అంతే. డబ్బా కింద వాయువు ఎంత వేగంగా పేరుకుంటుందో చూస్తాం. తెలివంతా దాని అంచుల్లో, మూతలో ఉంటుంది.

- తెల్లటి లేదా వెండి రంగు పూత. ఉష్ణమండలపు ఎండలో నల్ల డబ్బా పది నిమిషాల్లో పొయ్యి అవుతుంది.
- లోపల గాలిని కలిపే చిన్న 12 వోల్టుల ఫ్యాన్.
- లోపలి, బయటి గాలి పీడనం సమానంగా ఉండేందుకు సన్నటి గొట్టం.
- లోపల థర్మామీటరు.
- గాలి తీసే రబ్బరు మూత, దానికి మూడు దారుల కవాటం.
- నేల చాంబరుకు 5 నుంచి 10 సెంటీమీటర్ల లోతు దిగే చట్రం. కొలతకు కనీసం ఒక రోజు ముందు, వీలైతే కొన్ని వారాల ముందు పాతాలి. వేళ్లు తెగిన వెంటనే కొలిస్తే గాయాన్నే కొలిచినట్టు.
- తేలే చాంబరుకు చుట్టూ ఫోమ్, అంచు 2, 3 సెంటీమీటర్లు నీటిలో మునిగేలా.

బయలుదేరే ముందు లీకేజీ పరీక్ష తప్పనిసరి. చాంబర్‌ను టబ్బు నీళ్లలో బోర్లించి, కొంచెం మీథేన్ ఎక్కించి, అరగంటపాటు లోపలి గాఢత నిలబడుతుందో చూడండి. తగ్గుతోందంటే ఎక్కువసార్లు దోషి రబ్బరు మూతే.

## 5. ఫీల్డ్‌లో ఒక రోజు: పనుల వరస

నా మొదటి ట్రిప్‌లో చాంబర్ పక్కనే మోకాలి లోతు బురదలో నిలబడి శాంపిళ్లు తీశాను. ఆ రోజు మీథేన్ అంకెలు చూసి ఏదో కనిపెట్టేశానని సంబరపడ్డాను. మా గైడ్ అడిగింది ఒక్కటే ప్రశ్న: "నువ్వెక్కడ నిలబడ్డావు?" నేను బరువు ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మార్చిన ప్రతిసారీ కింద నుంచి బుడగలు లేచాయి. సీజన్ మొత్తానికి పెద్ద అంకె నా కాలిదే. అందుకే చెక్క పలకల బాట ముందే వేసుకోండి, లేదా పడవలో కూర్చునే పని చేయండి.

వరస ఇలా ఉండాలి:

1. చేరగానే నీటి లోతు, నీటి ఉష్ణోగ్రత, గాలి పీడనం, సమయం రాసుకోండి. ఈ నాలుగూ లేని కొలత తర్వాత దేనికీ పనికిరాదు.
2. బయటి గాలి శాంపిల్ తీయండి. నేడు గాలిలో మీథేన్ సుమారు 1.9 పీపీఎం (పది లక్షల భాగాల్లో 1.9). తెల్లవారుజామున గాలి కదలని చిత్తడి మీద ఇంతకంటే బాగా ఎక్కువ ఉండొచ్చు, కంగారు పడొద్దు.
3. చాంబర్‌ను మెల్లగా దించండి. దబ్బున వేస్తే లోపలి పీడనం మారుతుంది, బుడగలూ లేస్తాయి.
4. 0, 10, 20, 30 నిమిషాలకు శాంపిల్ తీయండి. ప్రతిసారీ సిరంజిని రెండు మూడుసార్లు లాగి వదిలి, 20 మిల్లీలీటర్లు తీసి, గాలి తీసేసిన 12 మిల్లీలీటర్ల గాజు సీసాలోకి ఎక్కించండి. లోపల ఒత్తిడి ఎక్కువగా ఉంటే బయటి గాలి చొరబడదు.
5. పక్కనే నీటి శాంపిల్.
6. చాంబర్ తీసేశాక మాత్రమే, అది కప్పిన చోటులోనే బురద. మళ్లీ మళ్లీ కొలవాల్సిన చట్రమైతే లోపల తవ్వకుండా, ఆనుకుని ఉన్న చోట తీయండి.

పారే నీటిలో తేలే చాంబర్‌ను తాడుతో గట్టిగా కట్టేస్తే అంచుల దగ్గర నీరు సుళ్లు తిరిగి, రావాల్సినదానికంటే ఎక్కువ వాయువు వస్తుంది. పడవతో పాటు దాన్నీ నీటి వాలుకు వదలండి.

చేతిలో లేజర్ అనలైజర్ ఉంటే సిరంజిలు అక్కర్లేదు, అయిదు నిమిషాల్లో పని అవుతుంది. అయినా కొన్ని సీసాలు తీసి ఉంచండి. తేమకు, ఛార్జింగ్‌కు ఆ యంత్రాలు పెట్టే టెన్షన్ అనుభవిస్తేనే తెలుస్తుంది.

పగలు ఒక్క పూట కొలిచి 24తో గుణించడం మరో పాత జబ్బు. నీటి మొక్కలు తమ కాడల్లోని గాలి గొట్టాల ద్వారా మీథేన్‌ను పైకి పంపుతాయి, చాలా మొక్కల్లో అది పగలు, రాత్రి ఒకేలా ఉండదు. ప్రతి దశలో ఒక్కసారైనా 24 గంటల కొలత పెట్టుకోండి.

భద్రత: ఒంటరిగా వెళ్లొద్దు. చాతీ దాకా ఉండే రబ్బరు సూట్‌లోకి నీళ్లు నిండితే లేవలేరు, దాని మీద లైఫ్ జాకెట్ ఉండాలి. ఉరుము వినిపిస్తే శాంపిల్ వదిలేసి రండి. కాలికి గాయం ఉంటే బురదలో దిగొద్దు, ఎలుక మూత్రం ద్వారా వచ్చే లెప్టోస్పైరోసిస్ అలాంటి చోట్ల మామూలే.

## 6. బుడగలను పారేయొద్దు

నాలుగు అంకెలు గీత మీద కూర్చోకపోతే చాలామంది ఆ కొలతను తీసేస్తారు. ఇక్కడే పెద్ద నష్టం జరుగుతుంది. ఉష్ణమండల నిస్సార నీళ్లలో మీథేన్‌లో పెద్ద వాటా బుడగలుగానే రావచ్చు.

బుడగా, లీకేజీయా తేల్చుకోవడానికి ఒక సులువు: అదే సీసాలో కార్బన్ డయాక్సైడ్ కూడా చూడండి. బుడగల్లో మీథేన్ ఎక్కువ, కార్బన్ డయాక్సైడ్ తక్కువ. కార్బన్ డయాక్సైడ్ గీత చక్కగా పెరుగుతూ, మీథేన్ ఒక్కసారిగా గెంతితే అది బుడగ. రెండూ ఒకే సీసా దగ్గర కిందికి జారితే సీసా లీకైంది.

బుడగలకు విడిగా తలకిందులు చేసిన గరాటాలు నీటిలో వేలాడదీసి, ఒకటి రెండు రోజులు వదిలి, పట్టిన గాలి పరిమాణం, అందులో మీథేన్ శాతం కొలవండి. గరాటా పైభాగంలో రోజుల తరబడి నిలిచిన గాలిలోంచి మీథేన్ తిరిగి నీటిలో కరుగుతుంది, కాబట్టి శాతం కోసం తాజా బుడగలు వాడండి.

## 7. నీరు, బురద

కరిగిన వాయువు కోసం: 60 మిల్లీలీటర్ల సిరంజిలో 30 నీరు, 30 బయటి గాలి తీసుకుని రెండు నిమిషాలు గట్టిగా ఊపి, పైన ఉన్న గాలిని సీసాలోకి మార్చండి. వాడిన బయటి గాలికి విడిగా ఒక శాంపిల్, నీటి ఉష్ణోగ్రత నోట్. ఇవి లేకుంటే లెక్క కట్టలేరు.

బురద రంధ్రాల్లోని నీటిని సన్నటి ఫిల్టర్ గొట్టాలతో లాగండి. ఇనుము కోసం తీసినదాంట్లో అక్కడికక్కడే ఆమ్లం, సల్ఫైడ్ కోసం తీసినదాంట్లో జింక్ ఎసిటేట్ కలపాలి. గాలి తగిలిన కొద్ది నిమిషాల్లోనే రెండూ మారిపోతాయి.

బురదకు 5, 6 సెంటీమీటర్ల వెడల్పున్న పారదర్శక గొట్టం. తీశాక నిలువుగానే ఉంచి, పొరలుగా కోయండి: 0–2, 2–5, 5–10, 10–20 సెంటీమీటర్లు. మీథేన్ తినే బ్యాక్టీరియాకు ఆక్సిజన్ కావాలి కాబట్టి అది ఎక్కువగా పై పొరలో, వేళ్ల చుట్టూ ఉంటుంది. మీథేన్ తయారుచేసే ఆర్కియా (బ్యాక్టీరియాను పోలిన వేరే రకం సూక్ష్మజీవులు) దిగువన. 0–20 మొత్తాన్ని ఒకే సంచిలో కలిపేస్తే మీ ప్రశ్నకు జవాబు ఆ సంచిలోనే కలిసిపోతుంది.

## 8. చలి గొలుసు

ఒక్కో పొర నుంచి:

- డీఎన్‌ఏకు రెండు చిన్న గొట్టాలు
- ఆర్‌ఎన్‌ఏకు ఒకటి, తీసిన వెంటనే ద్రవ నత్రజనిలో
- అదనంగా ఒకటి, ఎవరూ ముట్టుకోకుండా
- తేమ, పీహెచ్, కార్బన్‌కు ఒక సంచి

ద్రవ నత్రజని దొరకని చోట ఆర్‌ఎన్‌ఏ ఆశ వదులుకుని, డీఎన్‌ఏను భద్రపరిచే ద్రావణంలో వేసుకోవడం మేలు. సగం కరిగిన ఆర్‌ఎన్‌ఏ అబద్ధం చెబుతుంది. ల్యాబ్‌లో మైనస్ 80 డిగ్రీలు, ఫ్రీజర్‌లో ఉష్ణోగ్రత నమోదు చేసే లాగర్. పేర్లు పెన్సిల్‌తో, గొట్టం మీదా, సంచి లోపలా. మార్కర్ సిరా ఆల్కహాల్ తగిలితే పోతుంది.

## 9. ఫ్లక్స్ (విడుదల వేగం) లెక్క

ఒక చాంబర్ అంకెలు చూద్దాం. మీథేన్ 0 నిమిషానికి 2.0, 10కి 5.1, 20కి 7.9, 30కి 11.1 పీపీఎం. వీటి గుండా గీత గీస్తే నిమిషానికి 0.30 పీపీఎం పెరుగుదల.

చాంబర్ పరిమాణాన్ని అది కప్పిన వైశాల్యంతో భాగిస్తే ఎత్తు వస్తుంది, ఇక్కడ 0.4 మీటర్లు. 30 డిగ్రీల వేడిలో, సాధారణ వాతావరణ పీడనం దగ్గర ఒక ఘనపు మీటరు గాలిలో సుమారు 40.2 మోల్స్ ఉంటాయి. ఇప్పుడు 0.30ను పది లక్షలతో భాగించి, 40.2తో, 0.4తో, మీథేన్ అణుభారం 16.04తో గుణించండి. చదరపు మీటరుకు నిమిషానికి 77 మైక్రోగ్రాములు, అంటే గంటకు దాదాపు 4.6 మిల్లీగ్రాములు.

రెండు జాగ్రత్తలు. తేలే చాంబర్ మునిగిన భాగాన్ని ఎత్తులోంచి తీసేయాలి, నేల చట్రం పైకి ఉన్న భాగాన్ని కలపాలి. 3 సెంటీమీటర్లు మరిచిపోతే ఈ చాంబరులో 7 శాతానికి పైగా తేడా.

ఇక గీతకు సరిపోలిక (ఆర్ స్క్వేర్) 0.9 కంటే తక్కువుంటే తీసేయడం అనే అలవాటు. విడుదల దాదాపు సున్నా ఉన్నచోట గీత ఎప్పుడూ చక్కగా రాదు. వాటిని తీసేస్తే మీ సగటు తనంతట తానే పెరుగుతుంది. దాని బదులు, మీ పరికరంతో కొలవగలిగే కనీస విడుదల ఎంతో లెక్కకట్టి, అంతకంటే తక్కువవాటిని, మైనస్ అంకెలను కూడా, డేటాలో ఉంచండి.

## 10. డీఎన్‌ఏ, జన్యువులు

చిత్తడి బురద డీఎన్‌ఏ తరచూ టీ రంగులో వస్తుంది. అది హ్యూమిక్ ఆమ్లం, జన్యువుల నకళ్లు తీసే పీసీఆర్‌ను ఆపేస్తుంది. ముందు పది రెట్లు పలచన చేసి చూడండి. పలచన చేసినదాంట్లో జన్యు సంఖ్య పెరిగితే ఆటంకం ఉన్నట్టే. అప్పుడు శుద్ధి కిట్, లేదా పీసీఆర్‌లో ఆ ఆటంకాన్ని తగ్గించే బీఎస్‌ఏ ప్రొటీన్. ప్రతి బ్యాచ్‌లో మట్టి వేయని ఖాళీ గొట్టం ఒకటి చివరిదాకా నడపండి, సీక్వెన్సింగ్‌కు (డీఎన్‌ఏ అక్షరాల వరస చదవడానికి) కూడా పంపండి.

ఏ జన్యువు ఏం చెబుతుంది, ఎక్కడ మోసం చేస్తుంది:

- ఎంసీఆర్‌ఏ: మీథేన్ తయారుచేసే ఆర్కియాకు గుర్తు. కానీ ఆక్సిజన్ లేకుండా మీథేన్‌ను తినే ఆర్కియాలోనూ ఇదే ఉంటుంది. సంఖ్య చూసి "తయారీ ఎక్కువ" అని రాసేముందు సీక్వెన్స్ చూడండి.
- పీఎంఓఏ: మీథేన్ తినే బ్యాక్టీరియాకు గుర్తు. ఆమ్ల గుణమున్న పీట్ (పూర్తిగా కుళ్లని మొక్కల అవశేషాలు పేరుకున్న) నేలల్లో కనిపించే మిథైలోసెల్లా అనే మీథేన్ తినే బ్యాక్టీరియాలో ఈ జన్యువు లేదు. అలాంటి చోట మీథేన్ తినే మరో ఎంజైమ్ జన్యువు ఎంఎంఓఎక్స్ కూడా చూడాలి.
- నాస్‌జెడ్: నైట్రస్ ఆక్సైడ్‌ను నత్రజనిగా మార్చేదానికి గుర్తు. పాత ప్రైమర్లు (పీసీఆర్‌లో జన్యువును వెతికి పట్టుకునే చిన్న డీఎన్‌ఏ ముక్కలు) ఇందులో ఒక పెద్ద శాఖను పట్టుకోలేవు, రెండు శాఖలకూ ప్రైమర్లు వాడండి.
- 16ఎస్: బ్యాక్టీరియా, ఆర్కియా అన్నింటిలోనూ ఉండే జన్యువు. ఎవరెవరు ఉన్నారో చెబుతుంది, అదీ శాతాల్లో. ఒకరి శాతం పెరిగిందంటే వాళ్ల సంఖ్య పెరిగిందని కాదు, పక్కవాళ్లు తగ్గి ఉండొచ్చు.

జన్యు సంఖ్యను ఎండు బురద గ్రాముకే చెప్పండి. పీట్‌లో బరువులో 90 శాతం దాకా నీరే ఉండొచ్చు. తడి బరువుకు లెక్కిస్తే ఎండాకాలం శాంపిళ్లలో సూక్ష్మజీవులు ఊరికే రెట్టింపైనట్టు కనిపిస్తాయి. ఆ "ఆవిష్కరణ" పేపర్ దాకా వెళ్లడం నేను చూశాను.

## 11. సీసాల్లో ప్రయోగం

జన్యువు ఉండటం వేరు, పని చేయడం వేరు. ఆ ఖాళీని నింపేది ఇదే. 120 మిల్లీలీటర్ల సీసాలో 10 గ్రాముల తాజా బురద, 10 మిల్లీలీటర్ల అక్కడి నీరు. నత్రజనితో గాలి తరిమేసి, మందపాటి బ్యుటైల్ రబ్బరు బిరడా పెట్టి, చీకట్లో, ఫీల్డ్ ఉష్ణోగ్రత దగ్గర ఉంచండి. మొదటి రోజులు మందకొడిగా ఉంటే కంగారొద్దు, కోతలో తగిలిన ఆక్సిజన్ ప్రభావమది.

వేడితో చంపేసిన బురద సీసా ఒకటి, మీథేన్ తయారీని ఆపే బ్రోమోఈథేన్ సల్ఫోనేట్ వేసిన సీసా ఒకటి కంట్రోళ్లుగా పెట్టండి. మీథేన్ తినే వేగం కోసం పై పొర బురదతో, గాలి ఉంచి, కొంచెం మీథేన్ ఎక్కించి, అది తగ్గే తీరు చూడండి. థీసిస్‌లో దీన్ని "సామర్థ్యం" అనే రాయండి. సీసాలో వచ్చిన వేగం ఫీల్డ్ వేగం కాదు.

## 12. చిక్కు వచ్చినప్పుడు

0 నిమిషం అంకె గాలి కంటే చాలా ఎక్కువ. చాంబర్ దబ్బున దించారు, లేదా ముందరి కొలత తర్వాత దాన్ని గాలికి ఊపలేదు.

అంకెలు పెరిగి, తర్వాత చదునైపోయాయి. ఎక్కువసేపు మూసి ఉంచారు. మొదటి భాగపు వాలే తీసుకోండి, తర్వాతిసారి 20 నిమిషాలకు కుదించండి.

అన్ని సీసాల్లోనూ దాదాపు బయటి గాలే. ప్రయాణంలో మూతలు వదులయ్యాయి. ఇకమీదట గాఢత తెలిసిన వాయువుతో నింపిన పది సీసాలను ఫీల్డ్‌కు తీసుకెళ్లి వెనక్కి తెండి. అవి ఎంత కోల్పోయాయో చూస్తే మిగతావాటి సంగతి తెలుస్తుంది.

మీథేన్ విడుదలకు, ఎంసీఆర్‌ఏ సంఖ్యకు సంబంధమే లేదు. ఇది తప్పు కాకపోవచ్చు. ఈ జీవుల సంఖ్య నెమ్మదిగా మారుతుంది, విడుదల గంటల్లో మారుతుంది. నీటి లోతు, కరిగిన మీథేన్, పై పొరలో పీఎంఓఏ, సీసాల్లో వేగం, ఈ నాలుగూ ఒకే పట్టికలో పెట్టి మళ్లీ చూడండి. 1వ అంశంలో రాసుకున్న ప్రశ్న సూటిగా ఉంటే ఈ "లేదు" అనేదే ఒక అధ్యాయం అవుతుంది.

## 13. డేటా సర్దుకోవడం

ప్రతి ట్రిప్ అయిన వారంలోపే:

- నోట్‌బుక్ ప్రతి పేజీ ఫోటో
- చాంబర్, నీరు, బురద మూడింటికీ కలిసే ఒకే కోడ్: చోటు, తేదీ, చాంబర్ సంఖ్య, పొర
- సరిదిద్దని అసలు అంకెల ఫైలు, ఎవరూ మార్చకుండా
- తీసేసిన ప్రతి కొలతకు కారణం

సీక్వెన్సులను అందరికీ తెరిచి ఉండే డేటాబేస్‌లో చేర్చేటప్పుడు నీటి లోతు, ఉష్ణోగ్రత, పీహెచ్, ఆ పూట ఫ్లక్స్ కూడా అదే కోడ్‌తో జతచేయండి. ఫ్రీజర్‌లో మిగిలిన ఆ ముట్టుకోని గొట్టాలను చోటు చాలట్లేదని పారేయొద్దు. వైవాలో పరీక్షకులు "ఎంఎంఓఎక్స్ ఎందుకు చూడలేదు?" అని అడగగానే మీరు తెరవాల్సింది ఆ పెట్టెనే.